మాట పడింది

పొరలక్క చేసే పని ఏమిటో మా మేడలో చాలామందికి సరిగ్గా తెలియదు. పెద్దాస్పత్రిలో ఉద్యోగమని తెలుసు, నర్సు కాదని తెలుసు, అంతే. పై అంతస్తు పిన్నిగారు ఉండబట్టలేక ఒకసారి అడిగేసింది.

"ఇంతకీ అక్కడ నువ్వు చేసేదేంటే?"

"పెంచుతాను పిన్నీ."

"ఏంటి, కుందేళ్ళనా?"

"కాదు, గొంతుల్ని."

ఆ తర్వాత కొన్నాళ్ళపాటు పిన్నిగారు అక్క ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు.

నాకు మాత్రం అక్క అంతా విడమర్చి చెప్పింది. నేను చదివింది తక్కువ, అడిగేది ఎక్కువ. అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతాను. ఆమె విసుక్కోదు. ఇక్కడ రాసిందంతా మెట్ల మీద, వాళ్ళ వంటింటి గడప దగ్గర, బట్టలారేసే డాబా మీద ఆమె నోట విన్నదే.

మనం పీల్చే గాలి ముక్కులోంచి ఛాతీలోకి దిగే దారి పొడవునా ఒక తడి పొర ఉంటుంది. ఆ పొరను మనిషి లేకుండా పెంచడం అక్క పని, అందుకే నాకు ఆమె పొరలక్క. ముక్కు ఆపరేషన్లలో కోసి పారేసే ముక్కల నుంచి కణాలు తీసుకుని చిన్నచిన్న ప్లాస్టిక్ గిన్నెల్లో వేస్తుంది. గిన్నె అడుగున సన్నటి తెర. తెర కింద లేత గులాబీ రంగు నీళ్ళు, అదే వాటి తిండి. పైన మాత్రం చుక్క కూడా పోయకూడదు. కింద తడి, పైన గాలి ఉంటే ఆ కణాలు ఇంకా మనిషి లోపలే ఉన్నామనుకుంటాయి. కొన్ని వారాలకు వాటికి నూగు మొలుస్తుంది, జిగురు ఊరుతుంది. ఆ నూగు ఊగుతూ జిగురును ఊడుస్తుంది. మన ఛాతీలోనైతే దుమ్మునీ క్రిముల్నీ పైకి, గొంతు వైపు తోసేసేది ఆ చీపురే.

"గిన్నెలో ఎక్కడికి తోస్తాయి, గొంతు ఉంటేగా? అందుకని గుండ్రంగా తిప్పుతాయి" అంది అక్క. "మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే జిగురంతా సుడి తిరుగుతూ ఉంటుంది తమ్ముడూ. ఆగదు. నేను సెలవు పెట్టినా ఆగదు. పాపం, ఇల్లు లేదని వాటికి ఎవరూ చెప్పలేదు."

"ఎవరివక్కా అవి?"

"ఏమో. పేరు రాయరు, అంకె ఉంటుంది. ఉన్నవాళ్ళవి కొన్ని, పోయినవాళ్ళవి కొన్ని. మనిషి పోయినా ముక్కు మాత్రం ఊడ్చుకుంటూనే ఉంటుంది."

చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అలా పెంచిన పొరల మీద ఒక బాక్టీరియాను వదులుతారు. దానికి పుస్తకాల్లో పొడుగాటి పేరుంది. అక్క పనిచేసే ల్యాబు గదిలో మాత్రం అందరూ దాన్ని 'ద్రాక్షాయన' అంటారు, ఎందుకంటే అది పెరిగిన చోట మగ్గిన ద్రాక్షపళ్ళ వాసన వస్తుంది. ఎంత తియ్యటి వాసనంటే, కొత్తగా చేరినవాళ్ళు ఎవరో పళ్ళు తెచ్చారనుకుని చుట్టూ చూస్తారట. కుళాయిల్లో, సింకు గొట్టాల్లో, తడి ఉన్న ప్రతిచోటా అది ఉంటుంది. గట్టి మనిషిని ఏమీ చేయదు. ఊపిరితిత్తులు పాడైనవాళ్ళు దొరికితే వదలదు.

"దాని తెలివంతా ఓపికలో ఉంది" అంది అక్క. "ఒక్కటే ఉంటే ఏం చేయలేనని దానికి తెలుసు. పొర మీద పడగానే బుద్ధిగా కూర్చుంటుంది. తనలోంచి ఏదో సన్నటి పదార్థం వదులుతుంది, గుసగుసలాడినట్టు. పక్కది కూడా అదే వదులుతుంది. పిల్లలు పుడతాయి, అవీ వదులుతాయి. ఆ గుసగుస చిక్కబడేదాకా ఒక్కటి కూడా కదలదు. చిక్కబడ్డాక, ఇక చాలినంతమందిమి అయ్యామని అన్నింటికీ ఒకేసారి తెలుస్తుంది. అప్పుడు తీస్తాయి విషం. అప్పటిదాకా పొరకి అనుమానం కూడా రాదు. దాని మానాన అది ఊడ్చుకుంటూ ఉంటుంది."

ఆ గదికి పెద్ద ఒకామె, వయసులో అక్క కన్నా చాలా చిన్నది. అక్క ఆమెను మేడమ్ అంటుంది, ఆమె అక్కను అక్కా అంటుంది. ఆ మేడమ్‌కి కావలసింది ఒక్కటే: ఆ బాక్టీరియా ఎప్పుడు తెగిస్తుంది, దేన్ని చూసి తెగిస్తుంది? పులుసులాంటి ద్రవంలో సీసా నిండా పెంచితే ఒక రకంగా ఉంటుంది. మనిషి పొర మీద పెడితే మరో రకం. జిగురు తగిలితే ఒక తీరు, కింది కణం గోడ తగిలితే ఇంకో తీరు. ఇది సీసా కాదు, మనిషి అని దానికెలా తెలుస్తోంది?

అది కనిపెట్టడానికి మేడమ్ ఒక ఏర్పాటు చేసింది. గుసగుస చిక్కబడి, అవి విషానికి సిద్ధపడే క్షణంలో పచ్చగా వెలిగేటట్టు ఆ బాక్టీరియా లోపల మార్పు చేసి పెట్టింది. మామూలు వెలుతురులో అది కనబడదు. ఆస్పత్రి నేలమాళిగలో ఒక చీకటి గది, అందులో వేరే మైక్రోస్కోపు. గిన్నెను మూతపెట్టి అక్కడికి తీసుకెళ్ళి, కన్ను పెట్టి కూర్చోవాలి. వెలగగానే మేడమ్ పైకి ఫోన్ చేసేది: "సిగ్నల్ పడిందక్కా, మిగతా గిన్నెలు తీయండి."

ఆ గదిలో సీసాలు కడిగే ఆయన ఒకడున్నాడు, అందరికీ బాబాయి. ఆయనకు సిగ్నల్ అన్న మాట రుచించలేదు. "అవి మాట్లాడుకుంటున్నాయంటారు, మళ్ళీ సిగ్నల్ అంటారేంటి? మాట పడింది అనండి" అన్నాడు. అదే స్థిరపడిపోయింది. కింది నుంచి ఫోన్ రావడం, ఎత్తినవాళ్ళు "మాట పడింది!" అని కేకేయడం, అందరూ లేవడం. బయటివాళ్ళు వింటే జడుసుకునేవారు. ఊళ్ళో ఎవరికైనా మాట పడిందంటే పక్షవాతం, ఏడుపులు. వీళ్ళకేమో సంబరం.

ఇక అక్క భర్త సంగతి. మేమంతా ఆయన్ని మైకు బావగారు అంటాం. పెద్ద బస్సు స్టేషన్లో అనౌన్సరుగా పనిచేసి దిగిపోయారు. ఇంట్లో కూడా అదే ధోరణి. అక్క ఆలస్యంగా వస్తే గుమ్మంలోనే మొదలెట్టేవారు: "ప్రయాణికులకు విజ్ఞప్తి. ఆస్పత్రి నుంచి రావలసిన మా ఆవిడ గంట ఆలస్యంగా నడుచుచున్నది."

"నడుచుచున్నది, ఇప్పుడు కూర్చుంటుంది. అన్నం మీరే పెట్టుకోండి" అనేది అక్క.

ఆయనకు చిన్నప్పుడెప్పుడో గట్టి జబ్బు చేసి ఛాతీలో గాలిగొట్టాలు కొన్ని వదులైపోయాయి. అందులో కఫం చేరుతుంది, ఊడ్చే నూగు అక్కడ సరిగ్గా లేదు. రోజూ పొద్దున ఆయన బోర్లా పడుకుంటే, అక్క అరచేతులు దొప్పల్లా వంచి వీపు మీద తట్టి కఫం కదిలించేది. మా ఇంట్లోకి వినబడేది ఆ చప్పుడు, ఎవరో తలుపు తడుతున్నట్టు.

ఆ ఏడాది చలి మొదట్లో బావగారికి జలుబు చేసింది. జలుబు జ్వరమైంది, జ్వరం ఆయాసమైంది. అక్క పనిచేసే ఆస్పత్రిలోనే ఛాతీ వార్డులో చేర్చారు. కఫం పరీక్షకు పంపారు. ఫలితం వచ్చినప్పుడు అక్క పక్కనే ఉంది. వార్డు డాక్టరు మామూలుగానే చెప్పాడు, ఏ బాక్టీరియా దొరికిందో.

అది ద్రాక్షాయనే.

"చెవుల్లో హోరు మొదలైంది తమ్ముడూ. డాక్టరు ఇంకా ఏదో చెబుతున్నాడు, పెదాలు కదులుతున్నాయి. నేను నా చేతుల వైపు చూసుకుంటున్నాను."

డాక్టరు ఏం చెప్పాడంటే, ఇలాంటి ఛాతీల్లో ఇది మామూలే, ఏ సింకు నుంచైనా వస్తుంది, మీరు చేసే పనికీ దీనికీ సంబంధం ఉండనక్కర్లేదు అని. అక్క విన్నది సంబంధం అన్న మాట ఒక్కటే. చేతి తొడుగులు, ముసుగు, కోటు, చేతులు కడగడం, ఏదీ ఎన్నడూ తప్పలేదు. కానీ ఒక్కసారైనా తప్పలేదని ఎవరు చెప్పగలరు? అదే చేతులతో పొద్దుటే ఆ వీపు తట్టింది. సాయంత్రం అదే చేతులతో అన్నం కలిపింది.

బావగారి చెల్లెలు చూడ్డానికి వచ్చింది. మంచిదే, కాకపోతే నోటికి తలుపు లేదు. మంచం పక్కనే అడిగేసింది: "వదినా, ఇది నువ్వు అక్కడ పెంచేదేనటగా?"

"నేను పెంచేది పొరల్ని."

"ఏదో ఒకటి. దానికి తిండి పెట్టింది నువ్వేగా?"

బావగారు దగ్గుతూనే చెల్లెల్ని కసిరారు. ఆవిడ ఊరుకుంది. ఈ సంగతి నాతో చెప్పినప్పుడు అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "ఇన్నేళ్ళలో ఎవరి చేతా మాట పడలేదు నేను. ఆ రోజు పడ్డాను."

ఆ రోజు నుంచి మంచానికి దూరంగా నిలబడేది. బావగారు గమనించారు.

"ఏమే, రిజర్వేషన్ లేనట్టు అక్కడే నిలబడ్డావు? ఇలా రా."

"ఇక్కడ గాలి బాగుంది."

"గాలి లేనిది నాకు. నీకేమొచ్చింది?"

ఆమె వెళ్ళలేదు. ఆయన దుప్పటి అంచు దగ్గర ద్రాక్షపళ్ళ వాసన వస్తోంది. నిజంగా వస్తోందో, తన ముక్కే అలా అయిపోయిందో ఆమెకు తెలియలేదు. నర్సును అడిగింది. నర్సుకు మందుల వాసన తప్ప ఏమీ రాలేదు.

చివరికి మేడమ్ దగ్గర నోరు విప్పింది. మేడమ్ ఓదార్చలేదు, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "తేల్చుకుందాం అక్కా. మనదైతే వెలగాలి. మీ ఆయన కఫంలోంచి తీసినదాన్ని పొర మీద పెడదాం. గుంపు కట్టాక పచ్చగా వెలిగిందా, మనది. రెండో పరీక్ష కూడా ఉంది. మనదానికి ఒక మందు పనిచేయదు, ఆ గుర్తు కూడా మనమే పెట్టాం. ఆ మందు కలిపిన పళ్ళెంలో ఆయనది బతికితే మనది, చస్తే కాదు. అదైతే రేపు పొద్దునకి తెలుస్తుంది. వెలుగు ముందే తెలియొచ్చు."

వార్డు వాళ్ళ అనుమతి తీసుకుని మేడమే దాన్ని తెచ్చింది. గిన్నె ఇచ్చింది అక్కే. తాను పెంచినవాటిల్లో బాగా సుడి తిరుగుతున్నదాన్ని ఏరి మరీ ఇచ్చింది. మేడమ్ దాన్ని మూతపెట్టి నేలమాళిగకు తీసుకెళ్ళింది. "మీరు రావద్దక్కా. పైనే ఉండండి. ఏదైనా ఉంటే ఫోన్ చేస్తాను."

అక్క మిగతా గిన్నెలకు తిండి మార్చుతూ కూర్చుంది. చేయి వణకకూడని పని. కింద ఎక్కడో చీకట్లో ఆయన ఛాతీలోంచి వచ్చినవి ఎవరిదో ముక్కు మీద కూర్చుని ఒకదాన్నొకటి లెక్కపెట్టుకుంటున్నాయి. మాట పడితే, ఆయన్ని ఆ మంచం ఎక్కించింది తనే. అదొక్కటే ఉంది ఆమె తలలో.

మధ్యాహ్నం దాటింది. గిన్నెలు పెట్టి పనిచేసే గాజు తలుపు పెట్టె లోపల ఆమె చేతులు ఉండగా ఫోన్ మోగింది. బాబాయి ఎత్తాడు. ఆయన పక్కనే సీసాలు ఉడికే యంత్రం ఆవిరి వదులుతోంది. "ఆఁ... ఆఁ... అయ్యో... చెబుతా" అన్నాడు. పెట్టేశాడు. తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చి కాస్త దూరంలో ఆగాడు.

"అమ్మా... మాట పడిందంట."

అక్క గిన్నె కింద పెట్టింది. చేతులు బయటికి తీసింది.

"ఎప్పుడు?"

"ఇప్పుడే. కింద నుంచి ఫోను."

"ఖాయంగానా?"

"వాళ్ళు చూసే కదా చెబుతారు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ధైర్యం తెచ్చుకో అమ్మా. మన చేతుల్లో ఏముంది?"

"నా చేతుల్లోనే ఉంది బాబాయ్" అంది అక్క.

ఆ మాట ఆయనకు అర్థం కాలేదు. దుఃఖంలో ఏదో అంటోంది అనుకున్నాడు. "వెళ్ళు, నేను ఇవన్నీ సర్దుతా" అన్నాడు. అక్క వెళ్ళింది. వార్డుకు కాదు, సింకు దగ్గరికి. తొడుగులు తీసి మోచేతుల దాకా సబ్బు పట్టించి కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. నీళ్ళు సింకు గొట్టంలోకి గుడగుడలాడుతూ పోతుంటే, ఆ గొట్టం లోపల కూడా అదే ఉంటుందని గుర్తొచ్చి కుళాయి కట్టేసింది. కోట్లు తగిలించే గదిలోకి వెళ్ళి బల్ల మీద కూర్చుంది. కొక్కేలకు తెల్ల కోట్లు వేలాడుతున్నాయి, మనుషుల్లేని మనుషుల్లా. ఆయనకు ఏమని చెప్పాలి? చెప్పకపోతే ఎలా? వీపు తట్టిన చేతులు ఇవేనని, ఇవే పంపించాయని ఏ నోటితో చెప్పాలి?

"అప్పుడే లేచి వెళ్ళి ఉంటే" అని నాతో అంటూ ఆగిపోయింది అక్క. ఆ వాక్యం ఆమె ఎప్పుడూ పూర్తి చేయలేదు.

ఎంతసేపు కూర్చుందో తెలియదు. చివరికి ఆ వెలుగును తన కళ్ళతో చూడాలనిపించి నేలమాళిగకు దిగింది. చీకటి గది తలుపు కొట్టి, నల్ల తెర తప్పించుకుని లోపలికి వెళ్ళింది. మేడమ్ మైక్రోస్కోపు ముందు ఉంది. మనిషి కనబడలేదు, గొంతు వినబడింది.

"ఎవరూ? అక్కా? రావద్దన్నానుగా."

"చూడనివ్వండి మేడమ్."

"చూడ్డానికి ఏముంది? ఇంకా ఏం లేదు."

అక్క కన్ను పెట్టింది. చీకటి. మామూలు చీకటి కాదు, నూతిలోకి వంగి చూసినట్టు లోపల లోపలికి పోయే చీకటి. ఎక్కడా పచ్చదనం లేదు. మేడమ్ చిన్న దీపం వేసింది. అప్పుడు కనబడింది, పొర. జిగురు సుడి తిరుగుతూనే ఉంది, నెమ్మదిగా. ఆ సుడిలో ముద్దలు ముద్దలుగా అవి కూర్చుని ఉన్నాయి. చాలానే ఉన్నాయి. గుంపు కట్టడం ఎప్పుడో అయిపోయింది. అయినా ఏమీ చేయడం లేదు.

"మాట పడిందన్నారుగా?" అంది అక్క.

"ఎవరన్నారు?"

"బాబాయి. కింద నుంచి ఫోన్ వచ్చిందని..."

"నేను చేయలేదక్కా."

అక్క నల్ల తెర వైపు తిరిగింది. అక్క పనిచేసే గదికి కిందున్నది నేలమాళిగ ఒక్కటే కాదు. ఛాతీ వార్డు కూడా కిందే.

ఎలా మెట్లెక్కిందో ఆమెకు జ్ఞాపకం లేదు. వార్డు తలుపు దగ్గర నర్సు ఎదురొచ్చింది. "ఎక్కడికెళ్ళారమ్మా? ఎంతసేపటి కింద ఫోన్ చేశాం! ఆయాసం పెరిగిపోయింది, మాట పడిపోయింది, రమ్మనండి అని చెప్పాను. మీ కోసమే చూశారు. తలుపు వైపే చూశారు. ఏదో చెప్పబోయారు, గొంతు రాలేదు."

అప్పటికే గొట్టం వేసి మిషన్ పెట్టేశారు. మత్తులో ఉన్నారు. మిషన్ ఒత్తితే ఛాతీ లేస్తోంది, వదిలితే పడుతోంది. అక్క ఈసారి దూరంగా నిలబడలేదు. మంచం పట్టీ మీద చెయ్యి వేసి కూర్చుంది.

తెల్లారాక మేడమ్ స్వయంగా వార్డుకు వచ్చింది. "చచ్చిపోయాయక్కా" అంది. అక్క ముఖం చూసి గబుక్కున సర్దుకుంది: "పళ్ళెంలోవి. మందు పళ్ళెంలో ఒక్కటి కూడా బతకలేదు. మనది కాదు. మీరు తేలేదు."

అక్క తలూపింది. ఎన్ని రోజులుగానో ఎదురుచూసిన మాట అది. తీరా వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చెబుదామంటే వినాల్సిన ఆయన వినే స్థితిలో లేరు.

"మరి ఎవరిదది?" అని అడిగింది.

"ఆయనదే" అంది మేడమ్. "పొర ఇంకా తిరుగుతూనే ఉంది, చూశారుగా. కొత్తగా వచ్చిందైతే ఈపాటికి పొరను తినేసేది. ఇది చాలా పాతది. ఏళ్ళ తరబడి ఒకే ఛాతీలో ఉండిపోయినవి ఇలా మారతాయి. గుసగుసలు మానేస్తాయి, విషం మానేస్తాయి, జిగురు కప్పుకుని కూర్చుంటాయి. ఇల్లు తనదైపోయాక తలుపులు ఎవరు విరగ్గొడతారు? ఈసారి జలుబు వచ్చి కదిలించింది, అంతే."

ఏళ్ళ తరబడి. అక్క ఆ మాటే పట్టుకుంది. ఇంట్లో ఇద్దరమే అనుకుంది ఇన్నేళ్ళూ. ఆయన అనౌన్స్‌మెంట్లు చేస్తున్నప్పుడు, భోంచేస్తున్నప్పుడు, ఆమె వీపు తడుతున్నప్పుడు, లోపల ఇంకొకటి ఏమీ అనకుండా కూర్చుని ఉంది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం బట్టలకని ఇంటికి వస్తూ బస్సు స్టేషన్ ముందు దిగింది. దిగగానే మైకులో ఆయన గొంతు. ఆయన ఉద్యోగం దిగిపోయాక కూడా వాళ్ళు పాత రికార్డులే వేస్తున్నారు. నిండు గొంతు, ఎక్కడా ఆయాసం లేదు. "ప్రయాణికులు తమ సామాను జాగ్రత్తగా చూసుకొనవలెను." జనం ఎవరి దారిన వాళ్ళు పోతున్నారు. ఊపిరి అక్కడ మిషన్లో, గొంతు ఇక్కడ స్తంభానికి కట్టిన మైకులో. అక్క ఆ స్తంభం కిందే, బస్సులన్నీ వెళ్ళిపోయేదాకా నిలబడిందట.

దేవుడి దయో మందుల దయో, గొట్టం తీశారు. గొంతు వచ్చింది కానీ పాతది కాదు, చెక్క మీద గీకినట్టు వచ్చింది. అక్క మొదట అడిగింది అదే.

"ఆ రోజు నా కోసం చూశారట. ఏదో చెప్పబోయారట. ఏంటది?"

బావగారు చాలాసేపు ఆలోచించారు. "పక్క మంచం ఆయన కళ్ళజోడు నా దిండు కింద ఉండిపోయింది. ఇచ్చేయమందామని."

"ఇంకేం లేదా?"

"ఇంకేముంటుందే? ఆయన ఆ కళ్ళజోడు లేక అన్నం కూడా తడుముకుని తింటున్నాడు."

అక్క నవ్వింది, ఏడ్చింది, అందరి ముందూ ఆయన భుజం మీద ఒకటి వేసింది. తర్వాత ద్రాక్షాయన సంగతి మొత్తం చెప్పింది. తాను తేలేదని మూడు రకాలుగా చెప్పింది. బావగారు విని అన్నారు: "నువ్వు తేకపోతే నేనే తెచ్చుకున్నాను. మొత్తానికి నీకు తెలియకుండా ఒకదాన్ని పెట్టుకున్నాను ఇన్నాళ్ళూ."

ఆయన ఇల్లు చేరారు. అది ఆయన్ని వదిలిపోలేదు. పోదని డాక్టరు ముందే చెప్పాడు, అణచి ఉంచుతారు, అంతే. రోజూ పీల్చే మందొకటి ఇచ్చారు. మేడమ్ అనుమతి అడిగితే బావగారు ఒప్పుకున్నారు, ఆ బాక్టీరియాను దాచి పరీక్షించుకోవడానికి. అలా ఆయనది అక్క గదికి వచ్చింది. కొత్త పొరల మీద పెట్టారు. రోజూ తిండి మార్చేది అక్కే. అది పెరిగేది, జిగురు కప్పుకునేది, ఊరుకునేది. దాని చుట్టూ ఎవరివో కణాలు ఊడుస్తూనే ఉండేవి.

ఒక పొద్దున గిన్నె మీదికి వంగి, ముసుగు లోపలి నుంచే, తనకు తెలియకుండానే పిలిచింది.

"ఏవండీ."

సీసాలు కడుగుతున్న బాబాయి వెనక్కి తిరిగాడు. "నన్నా అమ్మా?"

"కాదు బాబాయ్."

"మరెవర్ని?"

అక్క గిన్నెకు మూత పెట్టింది. ఇన్నేళ్ళూ ఆ పిలుపు ఆయనతోపాటు విన్నది ఇదే కదా అనిపించిందట. మాట మానేసిందన్నారు. వినడం మానేసిందని ఎవరూ చెప్పలేదు.

పరీక్ష అయిపోయాక గిన్నెల్లో బ్లీచు పోసి చంపెయ్యాలి. అది కూడా అక్క పనే, ఎన్ని వేల గిన్నెల్లో పోసిందో లెక్క లేదు. ఆ రోజు సీసా ఎత్తి పట్టుకుని నిలబడిపోయింది. పొర ఇంకా తిరుగుతోంది. చెయ్యి వంగలేదు. చివరికి బాబాయి వచ్చి సీసా అందుకున్నాడు. పోశాడు. అక్క చూడలేదు. కోటు విప్పి, సెలవు చెప్పి, పట్టపగలే ఇంటికి వచ్చేసింది.

నేను మెట్ల మీదే ఉన్నాను. నన్ను పలకరించకుండా దాటిపోయి తలుపు తోసింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. గుమ్మంలో నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా పిలిచింది.

"ఏవండీ."

జవాబు లేదు. ఆమె చెయ్యి తలుపు మీదే ఉంది. నేనూ లేచి నిలబడ్డాను.

"ఏవండీ!"

లోపలి గదిలో మంచం కిర్రుమంది. ఎవరో గొంతు సవరించుకుంటున్నారు, చాలాసేపు.

"ఏంటే?" అని వచ్చింది, ఆ గీకినట్టున్న గొంతు.

అక్క వెంటనే లోపలికి వెళ్ళలేదు. అది ఎవరి గొంతో తేల్చుకుంటున్నట్టు, తల ఒక పక్కకు వంచి, ఇంకాసేపు విన్నది.